నాపరాళ్ళ మస్తానయ్య ఎడమ కన్ను

ఏ యుగంలోనో సముద్రపుటడుగున పొరమీద పొరగా పేరుకున్న ఒండ్రు కాలగతిలో గట్టిపడి నాపరాయిగా మారి, ఆ రాతిని ఒరుసుకుంటూ నాగులేరు తన దారి తాను చేసుకుని, ఆ యేటి ఒడ్డున అన్నదమ్ముల పగకు వీరులు బలియై ఎనిమిది వందల యేండ్లు దాటినా వారి ఆయుధాలకు కార్తిక మాసంలో నేటికీ పూజలు జరిగే పల్నాటి సీమలో, కారంపూడికి ఆమడ లోపున ఉన్న ఒక చిన్న పల్లెలో, నలభై మూడేండ్ల కిందట పుట్టి, ఆ రాతినే మనుషుల పాదాల కింద చల్లగా పరిచే విద్యతో బతుకు వెళ్ళదీస్తున్నవాడు మస్తానయ్య. రాతి వయస్సు ముందు మనిషి ఆయువు రెప్పపాటు. ఆ రెప్పపాటులోనే ఎన్ని కోరికలు పుడతాయో, ఎంత దుఃఖం ఇముడుతుందో అతని కథ చెబుతుంది.

అతని తండ్రి కోటయ్య కూడా నాపరాళ్ళ మేస్త్రీయే. ఊళ్ళో రామాలయపు గర్భగుడి ఎదుట ఉన్న పన్నెండు వరుసల రాతిపరుపు ఆయన చేతి పని. ముప్ఫై యేండ్లుగా అభిషేక జలం ఒక్క చుక్క నిలవకుండా ఈశాన్యానికి జారిపోతూనే ఉంది. తండ్రి దగ్గర మస్తానయ్య నేర్చుకున్న మొదటి పాఠం దారం చూడడం. ఈ గోడ నుంచి ఆ గోడకు దారం బిగించి, నేలమీద బోర్లా పడుకుని, ఎడమ కన్ను మూసి కుడి కంటితో దారం వెంబడి చూపు సారించాలి. ఏ రాయి నూలు లేచిందో, ఏ రాయి నూలు దిగిందో అప్పుడు తెలుస్తుంది. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పాతికేండ్లుగా రోజుకు వందసార్లు ఎడమ కన్ను మూసినవాడు మస్తానయ్య. దాన్ని చూపుకు అడ్డం వచ్చే కన్నుగానే తలచాడు తప్ప, దానితోనూ తాను లోకాన్ని చూస్తున్నానన్న ఎరుక అతనికి ఏనాడూ కలగలేదు.

రెండేండ్ల కిందట ఆలయ కమిటీ వారు మండపాన్ని ముందుకు పెంచాలని తీర్మానించారు. కమిటీ పెద్ద కోటేశ్వరరావు, మాజీ సర్పంచి, మస్తానయ్యను పిలిచి, "మీ నాయన పరిచిన వరుసకి నీ వరుస ఆనాలి. వేరేవాణ్ణి పెడితే అతుకు కనబడుద్ది" అన్నాడు. ఆ మాట మస్తానయ్య గుండెలో ప్రతిష్ఠ అయింది. తండ్రి రాతికి తన రాయిని ఆనించి, రెంటి నడుమ వేలిగోరు కూడా దిగని సందు నిలపాలని అతని ఆశ. ఆ ఆశతోనే మాచర్ల వైపు క్వారీలకు నాలుగుసార్లు వెళ్ళాడు. ప్రతి రాతినీ వేలి కణుపుతో కొట్టి, కంచులా మోగినదాన్నే ఎంచి, లారీకెత్తించి తెచ్చి గుడి ప్రహరీకి చేరవేయించాడు. గోడలు లేచాయి, కప్పు పడింది. శ్రీరామనవమికి రాతిపరుపు పూర్తి చేసి, దానిమీదనే కల్యాణం జరిపించాలని నిర్ణయమైంది.

పుష్యమాసం చివర పిడుగురాళ్ళలో ఒక ఇంటి పని ముగించుకుని వచ్చిన మూడో రోజున అతనికి ఒళ్ళు కాగింది. తెల్లవారేసరికి ఛాతీమీద, వీపుమీద నీటి బుడగలు లేచాయి. అతని మేనత్త శేషమ్మ గడపలో నిలబడి చూసి చేతులు జోడించింది. మేనత్తే కాదు, అత్తగారు కూడా; ఆమె కూతురు సరితే మస్తానయ్య భార్య.

"ఆటలమ్మ తల్లి వచ్చింది. చిన్నప్పుడు రాలేదు గదా, బాకీ తీర్చుకుంటాంది" అంది శేషమ్మ. "ఏమే సరితా, ఇయ్యాల్టి నుంచి ఇంట్లో తాళింపు లేదు. వేపమండలు తెప్పించు. కిటికీకి దుప్పటి కట్టు."

ఆ ఇంట ఆచారం కట్టుదిట్టంగా సాగింది. వేపాకు పక్క, పెరుగన్నం, కొబ్బరినీళ్ళు. పసి ఒంటిమీద ఆటలాడి పోయే తల్లి పెద్దవాడి ఒంటిమీద మాత్రం ఉగ్రంగా నిలిచింది. నాలుకమీద కూడా పొక్కులు లేచాయి. పన్నెండో రోజుకు చెక్కులు రాలి, మొదటి నీళ్ళు, రెండో నీళ్ళు పోశారు. మూడో నీళ్ళు పోసి, చలిమిడితో, వేపకొమ్మలతో తల్లిని పొలిమేర రాయి దాకా సాగనంపితే ఆచారం ముగుస్తుంది. సరిగ్గా ఆ ముందురోజే తొమ్మిదేళ్ళ కూతురు మానసకు బుగ్గమీద నీటి బుడగ లేచింది. ఇంట్లో మరొకరికి తల్లి వస్తే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. చివరివారికి మూడో నీళ్ళు పడేవరకు, తల్లి పోసినవారెవరూ పొలిమేర దాటరాదు.

మానసకు మూడో రోజు. మస్తానయ్య వసారాలో కూర్చుని ఎడమ కన్ను నులుముకుంటున్నాడు.

"అత్తా, ఈ కన్ను గరగరమంటాంది. లోపలెక్కడో నొప్పి. నల్లపూసల దండ తెగి చెదిరినట్టు ఏందో కళ్ళముందు ఎగురుతున్నయ్."

"వేడిరా. ఒంట్లోంచి దిగిన తల్లి కంట్లో నిలబడింది. చల్లబడితే పోద్ది. నందివర్ధనం పూలు పెట్టుకుని పడుకో."

సరిత ఎర్రబడిన ఆ కంటిని చూసి ఊరుకోలేకపోయింది. "నరసరావుపేటలో చూపించుకొస్తే ఏందమ్మా? పొద్దున బస్సుకి పోయి సాయంత్రానికి వచ్చేస్తాడు."

"పోతాడే, పోతాడు. మూడో నీళ్ళు కాకుండా పొలిమేర దాటితే తల్లి ఊరుకుంటదా? ఇంట్లో పడుకున్న పిల్ల కళ్ళల్లోకి దిగుద్ది. నీ మొగుడి కన్ను కావాలో, పిల్ల కళ్ళు కావాలో తేల్చుకో."

మస్తానయ్య లోపలి గదివైపు చూశాడు. వేపాకులమీద మానస నిద్రపోతున్నది.

"ఉంటాలే అత్తా. వారం గాకపోతే పది రోజులు. కన్ను యాడికి పోద్ది?" అన్నాడు.

ఆ మాట అతడు భయంతో అనలేదు. కన్నకూతురి చూపుకు తన చూపును తెలిసీ తెలియక పణంగా పెట్టాడు. జగన్మాత ఏ బిడ్డ దగ్గరా అటువంటి మొక్కు అడగదు. ఆమె చల్లని చూపుకు పొలిమేర రాళ్ళు పాతినది మనుషులే. ఆ సంగతి ఆ ఇంట తెలిసేసరికి పదకొండు రోజులు గడిచాయి. మొదట నల్లపూసలు మసిగా మారాయి. తరువాత ఎడమ పక్కన కూర్చున్న మనిషి కనబడడం మానాడు. పదకొండో రోజున మానసకు మూడో నీళ్ళు పోసి, తల్లిని సాగనంపి, ఆ పొలిమేర రాయి దగ్గరి నుంచే భార్యాభర్తలు బస్సెక్కారు. నరసరావుపేట డాక్టరు కంట్లో చుక్కలు వేసి, దీపం పెట్టి చూసి, గుంటూరుకు చీటీ రాసి ఇచ్చాడు.

గుంటూరు కంటి ఆసుపత్రిలో రెటీనా డాక్టరు పేరు జెబా. ముప్ఫై అయిదేండ్లు ఉంటాయేమో, మెల్లగా మాట్లాడే మనిషి. చాలాసేపు పరీక్షించి అడిగింది.

"ఆటలమ్మ వచ్చిందన్నారు. కన్ను మొదలై ఎన్నాళ్ళయింది?"

"పదకొండు రోజులండి."

"ఇన్నాళ్ళు ఎందుకాగారు?"

సరిత తల వంచుకుంది. మస్తానయ్యే బదులు చెప్పాడు. "ఇంట్లో ఒక పని పడింది మేడమ్."

జెబా కాగితంమీద గుండ్రంగా కన్ను గీసి చూపించింది. ఒంటిమీద పుండ్లు మానినా ఆటలమ్మ వైరస్ కొందరిలో, చాలా అరుదుగా, కంటి వెనుక తెరను పడుతుందనీ, పెద్ద వయసులో ఆటలమ్మ వచ్చినవారు ఈ జాగ్రత్త ఎరిగి ఉండాలనీ చెప్పింది. "గోడకు చెమ్మ ఎక్కుతుందే, అలా అంచుల నుంచి నడిమికి తినుకుంటూ వస్తుంది. ఎర్రబడిన మొదటి రోజునే వచ్చి ఉంటే చాలావరకు ఆపేవాళ్ళం. ఇప్పుడు మందు నరానికి ఎక్కించాలి. కంట్లోకి కూడా ఇంజక్షన్ ఇస్తాం. ఇంకో మాట. ఇది రెండో కంటికి కూడా పాకవచ్చు. తరువాత మాత్రలు నెలల తరబడి వాడాలి, ఒక్క పూట మానకూడదు."

"చూపు తిరిగి వస్తదా మేడమ్?"

"ఉన్నది పోకుండా చూద్దాం. పోయినది వస్తుందని మాట ఇవ్వలేను."

శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు కదిలిన రోజున మస్తానయ్య గుంటూరులో సెలైన్ సీసా కింద ఉన్నాడు. ఇంటికి వచ్చిన పది రోజులకు, అన్నం తింటుండగా, ఎడమ కంట్లో కింది నుంచి పైకి నల్లటి తెర లేచింది. వైరస్ తినగా పలచబడిన రెటీనా, ఆ కంటి వెనుక తెర, చిరిగి ఊడిపోయింది. మళ్ళీ గుంటూరు. ఆపరేషన్ చేసి, తెరను అదిమిపెట్టడానికి కంట్లో నూనె నింపారు. ఆ నూనె సరిగా ఆనడానికి వారం రోజులు తల కిందికి వంచి బోర్లా పడుకోవాలన్నారు.

దారం చూడడానికి బతుకంతా బోర్లా పడుకున్నవాడికి అది కొత్త కాదు. మంచం అంచున నుదురు ఆనించి, విప్పిన కుడి కంటితో నేలను చూస్తూ గడిపాడు.

"ఏం చూస్తన్నావు బావా అంతసేపు?" అని సరిత అడిగింది.

"గచ్చు. ఆ మంచం కోడు దగ్గర టైలు రెండు నూళ్ళు లేచింది. వేసినోడికి రసమట్టం లేదా, రోషం లేదా?"

"ఆసుపత్రి వాళ్ళతో చెప్పమంటావా?"

"చెప్పు. ఈ వారం ఎటూ ఖాళీయే, ఊడబెరికి వేసిస్తా."

వెనుక నిలబడి విన్న జెబా, "కుడి కన్ను బాగానే పనిచేస్తోందన్నమాట" అని నవ్వింది. సరిత నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నమే కోటేశ్వరరావు ఫోను చేశాడు. "మస్తానూ, ఎట్టుందిరా? నిన్ను తొందరపెట్టాలని కాదు. నవమికి మూడు వారాలే ఉంది. రాళ్ళు నువ్వెంచినవే. ఏం చేద్దామో నువ్వే చెప్పు."

మస్తానయ్య లేచిన ఆ టైలు అంచును వేలితో తడిమాడు. చివరికి, "నాగూర్ వలిని పెట్టుకోండి బాబాయ్. నా తరవాత నాపరాయి తెలిసినోడు వాడే" అన్నాడు. ఫోను సరిత చేతికిచ్చి, నుదురు మళ్ళీ మంచం అంచుకు ఆనించాడు. ఎదుట టైలు మీద ఒక నీటిబొట్టు పడింది. అది కంటి మందో, మరేమో సరిత అడగలేదు.

నాగూర్ వలి మాచర్ల మనిషి. పదిహేనేండ్లు మస్తానయ్యతో జతగా పని చేసినవాడు. ఊరికి వచ్చి పని మొదలుపెట్టాడు. మస్తానయ్య కూడా ఇల్లు చేరాడు. చేరాడన్న మాటే గాని, ఇంట్లో ప్రతి వస్తువూ అతనితో దాగుడుమూతలాడింది. చెంబులోంచి గ్లాసులోకి నీళ్ళు వంచితే ధార గ్లాసు పక్కన పడేది. గడప ఉన్నదనుకున్నచోట ఉండేది కాదు. ఒంటికన్నుకు లోకం గోడమీద బొమ్మలా బల్లపరుపైంది. ఏది దగ్గరో ఏది దూరమో చెప్పే విద్య రెండు కళ్ళూ కలిసి చేసేదని అప్పుడు అతనికి తెలిసింది. వేకువనే లేచి, తూర్పుకు తిరిగి, కుడి కంటిని అరచేత్తో మూసుకుని నిలబడేవాడు. ఎడమ కంట్లో ఏదైనా మొలిచిందేమోనని వెతుక్కునేవాడు. బురదనీటి వెనుక దీపంలా ఒక పసుపు మసక, అంతే. ఇన్నేండ్లు తాను ఏ కంటిని మూస్తూ వచ్చాడో, దాన్ని తెరవడానికే ఇప్పుడు అతని ప్రాణమంతా తపించింది.

శేషమ్మ ఎవరితోనూ మాట్లాడడం మానేసింది. వేళకు మాత్రలు తెచ్చి అతని అరచేతిలో పెట్టేది. మింగేదాకా నిలబడి చూసి వెళ్ళేది. ఒకనాడు అతడే అన్నాడు. "అత్తా, తిట్టయినా తిట్టవే. ఇల్లు ఆసుపత్రిలాగుంది."

"ఏ మొహం పెట్టుకుని తిట్టేదిరా?" అందామె. మాత్రల డబ్బా మూస్తూ, "నా రెండు కళ్ళూ ముసలివి. పీకిచ్చినా ఎవరికీ పనికిరావు" అంది.

"పిల్ల కళ్ళు బాగున్నయ్ గదా. నేను అడిగిందీ అదే."

ఆమె కొంగుతో మొహం కప్పుకుని లోపలికి వెళ్ళింది.

ఒకరోజు ఉండబట్టలేక మస్తానయ్య గుడికి వెళ్ళాడు. వలి కొత్త మండపంలో బయటి అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి వస్తున్నాడు. గర్భగుడి ఎదుట కోటయ్య పరిచిన పన్నెండో వరుసకు ఆనుకుని మాత్రం నేల ఖాళీగా వదిలేశాడు. మస్తానయ్య సుత్తి, ఉలి అందుకుని ఒక రాతి అంచు సరిచేయబోయాడు. ఉలి తలమీద పడవలసిన దెబ్బ బొటనవేలిమీద పడింది. రెండోసారీ అంతే. సుత్తి కిందపెట్టి, నెత్తురు వస్తున్న వేలిని పిడికిట్లో దాచుకుని లేచాడు.

"యాడికి మేస్త్రీ?" అన్నాడు వలి.

"ఇంటికి. ఇంక నాకీడ ఏం పని?"

"దారం చూడు. అర్ధగంట నుంచి చూస్తన్నా, తేలటంలే."

"నీకు కళ్ళు లేవా?"

"రెండున్నయ్. అదే చిక్కు. ఒకటి మూస్తే రెండోది చెమ్మగిల్లుతాంది, దుమ్ముకి. నీకైతే మూసే పన్లేదు గదా."

గుడి మెట్లమీద కూర్చున్న ముసలివాళ్ళు ఆ మాటకు బిత్తరపోయారు. మస్తానయ్య ఒక క్షణం వలినే చూశాడు. నెలన్నర తరువాత మొదటిసారి నోరారా నవ్వాడు.

"నీ నాలిక మీద మేకు కొట్ట, సిగ్గుండక్కర్లా?" అని, పంచె ఎగగట్టి, చెంప రాతికి ఆనించి పడుకున్నాడు. దారం కుడి కంటికి తీగలా తేటగా కనబడింది. "నాలుగోది నూలు దించు. దాని పక్కది కదపబాక. ఆ మూలది ఎవడు వేశాడు, నువ్వేనా? లేపు."

ఆ రోజు నుంచి వలి చేయి, మస్తానయ్య కన్ను కలిసి పని చేశాయి. నవమికి నాలుగు రోజులుందనగా తండ్రి వరుస పక్కన ఖాళీ ఒక్కటే మిగిలింది. పదకొండు రాళ్ళు పడతాయి. వలి పార, తాపీ తీసి అతని ముందు పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

"సుత్తి దెబ్బ పడదురా నాకు" అన్నాడు మస్తానయ్య.

"సుత్తి ఎవడిమ్మన్నాడు? అంచులు నేను కొట్టి పెట్టా. నువ్వు పరుచు."

మస్తానయ్య సున్నం కలిపిన ఇసుకను అరచేత్తో సర్ది, మొదటి రాతిని మెల్లగా దించాడు. చూపు చెప్పనిది వేళ్ళు చెప్పాయి. రెండు అరచేతులూ రాతిమీద మోపి, పసిపాపను ఊయలలో ఊపినట్టు అటూ ఇటూ ఊపి కూర్చోబెట్టాడు. తండ్రి రాతిమీది నుంచి తన రాతిమీదికి వేలికొస జరిపాడు. ఎక్కడా తగల్లేదు. గోటితో సందు వెతికాడు. గోరు దిగలేదు. కళ్ళు మూసుకుని మరొకసారి వేలు జరిపాడు. ఏది తండ్రి రాయో, ఏది తన రాయో ఆ వేలికి తెలియలేదు. సాయంత్రానికి పదకొండు రాళ్ళూ కూర్చున్నాయి. సరిత బిందెడు నీళ్ళు తెచ్చి గర్భగుడి గడప ముందు పోసింది. నీరు తండ్రి వరుసల మీదుగా పలుచగా జారి, అతుకు దగ్గర క్షణమైనా తారాడక, కొడుకు వరుస దాటి, ఈశాన్యపు తూముకు చేరింది.

నవమినాడు ఆ నేలమీదనే సీతారాముల కల్యాణం జరిగింది. జీలకర్ర బెల్లం వేళ మేళం హోరెత్తుతుండగా, జనం వెనుక స్తంభానికి ఆనుకుని నిలబడిన మస్తానయ్య కుడి కంటిని అరచేత్తో మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. శేషమ్మ మెల్లగా పక్కకు వచ్చింది.

"ఏమన్నా కనబడ్డదిరా?"

"వెలుగు కనబడింది అత్తా. దీపం ఏదో, దేవుడు ఏదో తెలియలా."

ఆమె అతని మోచేయి పట్టుకుని నిలబడింది. తలంబ్రాలు అయ్యేదాకా వదలలేదు.

ఆ తరువాత నెలనెలా గుంటూరు ప్రయాణం సాగుతున్నది. శేషమ్మ ఒక్కసారీ మానకుండా అతనికి ఎడమ పక్కన కూర్చుని వెంట వస్తున్నది. పల్లెలో ఎవరి కంటికి ఎరుపు కనబడినా, ఇంట్లో తల్లి ఉన్నా లేకపోయినా, బస్సు ఎక్కించేదాకా వారి గడప దిగడం లేదు. ఎడమ కంటికి వెలుగు తప్ప మరేమీ రాలేదు. కుడి కన్ను ఇప్పటివరకు నిర్మలంగా ఉంది. వేకువన తూర్పుకు తిరిగి నిలబడడం మస్తానయ్య మానలేదు.

లోకానికంతటికీ కన్నైన ఆ సూర్యనారాయణుడు మస్తానయ్య కుడి కంటిని నూరేండ్లు కాచుగాక. ఎడమ కంటికి ఆ వెలుగైనా వీడకుండుగాక. సరిత పసుపుకుంకుమలు పచ్చగా ఉండుగాక. మానస తేటకళ్ళకు చదువూ చల్లదనమూ అబ్బుగాక. శేషమ్మ మనసులోని ముల్లును జగజ్జనని తన చేత్తోనే తీసి వేయుగాక. ఆ ఇల్లు పిల్లాపాపలతో, పాడిపంటలతో చిరకాలం చల్లగా వర్ధిల్లుగాక.